ఆవు ఎవరింట నిలిచింది

నాకు పుస్తకాన్ని పూర్తిగా తెరిచి చదవడం రాదు. నవ్వకండి. ఆంధ్ర పొలిమేర దగ్గర, కర్ణాటకలోని చింతామణిలో పుస్తకాల అంగడి ఉన్న ఇంటికి కోడలిగా వచ్చినదాన్ని నేను. అమ్మకానికి పెట్టిన పుస్తకం చదవాలంటే దాని వీపు విరగకూడదు, మూల మడవకూడదు, పేజీకి పసుపు అంటకూడదు. అందుకని రెండు వేళ్ళు పట్టేంత సందు చేసుకుని, తలుపు సందులోంచి పక్కింటి గొడవ చూసినట్టు మెడ వంచి చదివేదాన్ని. సాయంత్రానికి పూర్తయితే మళ్ళీ బీరువాలోకి. మరునాడు ఎవరో వచ్చి కొత్త పుస్తకమని కొనుక్కుని పోయేవారు. ఇప్పుడు నా సొంత పుస్తకాన్ని కూడా అలాగే చదువుతాను. మా అమ్మాయి చూసి, "ఏమ్మా, దొంగసరుకా అది?" అని ఎగతాళి చేస్తుంది.

అలా చదివినవన్నీ కన్నడ పుస్తకాలు. నేను పుట్టింది బాగేపల్లిలో. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఏడిస్తే తెలుగులో ఏడుస్తాం, కచేరీలో అర్జీ ఇవ్వాలంటే కన్నడంలో రాస్తాం. మా వైపు భజన చేసేవాళ్ళు పాడేవి తెలుగు తత్వాలే. చేతిలో పట్టుకున్న పుస్తకంలో మాత్రం అవే తత్వాలు కన్నడ అక్షరాల్లో అచ్చయి ఉంటాయి. మాకు ఇందులో వింతేమీ లేదు. కదిరి నుంచో మదనపల్లి నుంచో వచ్చే చుట్టాలే నోరెళ్ళబెడతారు. తెలుగువాళ్ళయి ఉండి తెలుగు చదవడం రాదా అని వాళ్ళ ఆశ్చర్యం. మాట్లాడేవాడికి చదవడం కూడా వచ్చి తీరుతుందని వాళ్ళ నమ్మకం.

మా మామగారికి వచ్చు. చిన్నప్పుడు మదనపల్లిలో బంధువులింట్లో ఉండి చదువుకున్నాడు. అందుకే గల్లా వెనక పైఅరలో తెలుగు నవలలు పెట్టేవాడు. "నేర్చుకోమ్మా, ఈ రెండు లిపులూ అక్కాచెల్లెళ్ళు, వారం పని" అని చెవినిల్లు కట్టుకుని పోరాడు. నేను ఊఁ కొట్టాను. కన్నడ బీరువా నిండా ఉంటే ఇంకెందుకులే అనుకున్నాను. ఆయన పోయాక ఆ అర నా నెత్తిన పడింది. తీసేసి అక్కడ నోటుబుక్కులు పెడదామంటే మా ఇంటాయన ఒప్పుకోలేదు. నాయన పెట్టిన అర, ఉండనీ అన్నాడు. సరే, ఉండనీ. ఆరు నెలలకొకసారి అనంతపురానికి ఫోను చేసి "ఒక కట్ట నవలలు పంపండప్పా" అంటే బస్సులో పార్సిలు వచ్చేది. ఏమొచ్చాయో నాకు తెలిసేది కాదు. అట్ట మీద ఆడమనిషి ఏడుస్తుంటే సంసారం కథ, కత్తి ఉంటే హత్య, దీపం ఉంటే భక్తి. ఈ మూడు ముక్కల పాండిత్యంతో ఏళ్ళ తరబడి తెలుగు పుస్తకాలు అమ్మాను. సిగ్గు లేదా అంటే, అప్పట్లో లేదు.

ఆ అరకు మిగిలిన నికరమైన గిరాకీ ఒకే ఒక్కడు. మురుగమల్ల దారిలో లోపలికి పోతే వచ్చే ఊరి రైతు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, చేతిలో ఖాళీ సంచి. సంత రోజు పని ముగించుకుని వచ్చేవాడు. వచ్చి గుమ్మంలో చెప్పులు విడిచేవాడు. అంగడే కదప్పా, వేసుకునే రా అంటే వినడు.

"ఏమమ్మా, తెలుగు పుస్తకాలు కొత్తవి వచ్చినాయా?"

"వచ్చినాయప్పా. చూడు."

పైఅర నుంచి కట్ట దింపి ముందు పెట్టేదాన్ని. ఆయన ఒక్కొక్క అట్టనూ చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూసేవాడు. అట్ట మీద బొమ్మలో కిటికీ ఉంటే ఆ కిటికీలోంచి ఏం కనబడుతోందో చూసేవాడు. అబ్బ, ఎంత శ్రద్ధగల పాఠకుడు అనుకునేదాన్ని.

"ఇది కత ఎట్లుంటుందమ్మా?"

"చాలా బాగుంటుందప్పా. చదువు, నువ్వే చెప్తావు."

నా మొహం. చదివి చచ్చానా ఏమన్నా? అయినా తడుముకోకుండా చెప్పేదాన్ని. ఆయన తలూపి, ఎప్పుడూ లావుపాటిదే ఏరుకునేవాడు. "మా ఇంట్లోదానికి చదివి వినిపించల్ల. సన్నగుంటే తొందరగా అయిపోతాది" అనేవాడు. ఒకసారి ఇంతకుముందు కొన్న పుస్తకాన్నే మళ్ళీ తీసుకుంటుంటే బొమ్మ గుర్తుపట్టి, "ఇది పోయినసారి కొన్నావు కదప్పా" అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి, "బాగుండె. చుట్టాలకిస్తాను" అన్నాడు. నాకు ముచ్చటేసింది. పుస్తకాన్ని రెండుసార్లు కొనేంత ప్రేమ ఎంతమందికి ఉంటుంది చెప్పండి.

ఇన్నేళ్ళలో ఆయనతో నేను మాట్లాడింది వానల గురించి, రాగుల గురించి, టమాటా ధర గురించి. కథల పిచ్చిదాన్ని కదా, పోయిన పుస్తకంలో ఏం జరిగిందప్పా అని ఒక్కసారి, ఒకే ఒక్కసారి అడిగి ఉంటే ఏమైపోయేది? అడగలేదు. అడిగితే నాకు తెలుగు రాదని బయటపడుతుందేమోనని నా భయం నాది.

కొన్ని నెలలు ఆయన రాలేదు. తరువాత బడులు తెరిచే రోజుల్లో, అంగడి ముందు తల్లిదండ్రులు తోసుకుంటూ పాఠ్యపుస్తకాల కోసం అరుస్తున్నప్పుడు, వాళ్ళ మధ్యలోంచి ఒక ముసలావిడ వచ్చింది. కొంగులో చుట్టుకుని ఏదో పట్టుకుంది. అందరూ పోయేదాకా గోడ పక్కన నిలబడింది. నాకు ఆ రోజు తల ప్రాణం తోకకొచ్చి ఉంది.

"ఏం కావలమ్మా? ఎన్నో క్లాసు?" అని గట్టిగానే అడిగాను.

"క్లాసు కాదు తల్లీ. మా ఇంటాయప్ప మీ తావే పుస్తకాలు కొంటాండె. మురుగమల్ల తట్టు నుంచి వస్తాండె, తెల్ల పంచె, చెప్పులు బయట ఇడుస్తాడు..."

"అయ్యో, ఆయన ఇంటావిడా నువ్వు? ఏడీ కనబడటం లేదే?"

ఆమె నిదానంగా చెప్పింది. పొద్దున పాలు పోయడానికి డెయిరీకి పోయాడట. క్యాను దించి మెట్టు మీద కూర్చున్నాడట. మళ్ళీ లేవలేదట. విసుక్కున్నందుకు నాలుక కరుచుకుని, లోపలికి పిలిచి స్టూలు వేసి మజ్జిగ ఇచ్చాను. మజ్జిగ పక్కన పెట్టి ఆమె కొంగు విప్పింది. ఆకుపచ్చ అట్ట, మీద పెద్ద బంగళా బొమ్మ. నేనే అమ్మిన పుస్తకం. మధ్యలో గుర్తుకు రాగిగడ్డి పరక పెట్టి ఉంది.

"ఆ పొద్దు ముందుదినం సాయంత్రం వరకు చదివినాడు తల్లీ. ఈడికి నిలిచె. ఈ కత మిగిలింది ఎవురన్నా చదివి చెప్తే వినల్లని. నువ్వు చదువుతావు కదా?"

"నాకు..." అని ఆగిపోయాను. తెలుగు పుస్తకాలు అమ్మే అంగడిలో కూర్చుని చదవడం రాదని ఎలా చెప్పేది? తల దించుకుని చెప్పాను. ఆమె నమ్మలేదు. ఆమెది కదిరి వైపు పుట్టిల్లు. నవ్వి, "తెలుగు మాట్లాడతాండావే!" అంది.

"కథ ఏడికి నిలిచిందమ్మా?" అని అడిగాను, మాట మార్చడానికి.

ఆమె చెప్పింది. నేను ఇంతకాలం కథలు చదివిన మనిషిని, ఇలా చెప్పగా వినలేదు. ఒక రైతు కరువులో పాడి ఆవును దూరపు ఊరి మనిషికి అమ్మేశాడు. వచ్చిన డబ్బు విత్తనాలకు పోయింది. ఆవు అక్కడ మేత ముట్టదు. ఒక రాత్రి తాడు తెంపుకుని పాత ఇంటికి బయలుదేరింది. కొన్నవాడు దాని అడుగులు పట్టుకుని వెనకాలే నడిచాడు. దారిలో ప్రతి ఊళ్ళోనూ అడుగుతాడు. ఒక ఊళ్ళో ఆవు చెరుకు తొక్కిందని తిట్లు తిన్నాడు. ఇంకో ఊళ్ళో బాలింత ఒకతె, అది మా వాకిట్లో కాసేపు నిలబడి నా బిడ్డను చూసి పోయిందని చెప్పింది. నడవగా నడవగా వాడికి ఆ ఆవు మీద కోపం పోయింది. చివరకు అమ్మినవాడి ఊరు వచ్చింది.

"వాకిట్ల నిలబడుకోనుండాది ఆవు. అమ్మినోడు బయటికొచ్చినాడు. వాని కూతురు కుడితి బక్కెట పట్టుకోని వచ్చింది. కొన్నోడు తాడు చేతిలో పట్టుకోని నిలబడుకున్నాడు. ముగ్గురూ దాని మొహమే చూస్తాండారు. ఆడికి పరక పెట్టి మూసేసి, మిగిలింది రేపు అనె." ఆమె నా చెయ్యి పట్టుకుంది. "ఆవు ఎవురింట్ల నిలిచె తల్లీ? అది తెలిస్తే చాలు నాకు. పండుకుంటే అదే ద్యాస. ఆ బిడ్డ కుడితి పెట్టెనో లేదో, వాడు తాడు వేసెనో లేదో."

ఆమెకు తెలియడం ఏమో గానీ, నాకూ తెలియాలనిపించింది ఆ నిమిషానే.

మనుషుల కోసం వెతికాను. మా పురోహితుడిని అడిగితే మంత్రాలన్నీ కన్నడ లిపిలోనే చదువుతానన్నాడు. భజన గుంపు పెద్దను అడిగితే, "పాడమంటే తెల్లారేదాకా పాడతాం, చదవమంటే మాత్రం కాదమ్మా" అన్నాడు. మా మామగారి ఈడువాళ్ళు ఒకరిద్దరు ఉన్నారు. ఒకరికి చూపు లేదు, ఒకరు కొడుకుతో చిక్కబళ్ళాపురం పోయారు. ఇంత పెద్ద ఊరు, నోరు తెరిస్తే తెలుగు, ఒక్క పేజీ చదివే దిక్కు లేదు.

మా అమ్మాయి నవ్వింది. "ఇంత దానికేనా అమ్మా? ఫోనుకు చూపిస్తే అదే చదువుతుంది." ముసలావిడ మళ్ళీ వచ్చిన రోజు మా అమ్మాయి ఫోను పేజీ మీద పట్టింది. ఫోనులోంచి ఒక ఆడగొంతు గబగబా చదవడం మొదలుపెట్టింది. సముద్రం ఒడ్డున బంగళా, అందులో పియానో వాయించే వకీలు గారి అమ్మాయి, చెల్లెలు పట్నం నుంచి రైల్లో వస్తోంది, స్టేషనుకు కారు పంపాలా వద్దా. ముసలావిడ చెవి ఫోనుకు ఆనించి ఓపికగా విన్నది.

"ఈ యమ్మకు ఆకలయితాందేమో, ఊపిరి తీసుకోకుండా చదువుతాండాది" అంది. కాసేపటికి, "ఆవు ఎప్పుడొస్తాదమ్మా?" అంది.

మా అమ్మాయి పేజీలు మార్చింది, ముందుకు, వెనక్కు. ఆవు రాలేదు. ఆఖరికి ఆమె కొంగుతో పుస్తకం చుట్టేసుకుంటూ, "మిషన్లకు కతలేం తెలుస్తాయి తల్లీ, పోనీలే" అంది. ఫోనుకు తెలుగు సరిగా రాదని మేమందరం తీర్మానించేశాం.

నాకు పౌరుషం వచ్చింది. మా అంగడిలోనే చిన్నపిల్లల తెలుగు అక్షరమాల ఒకటి దుమ్ము కొట్టుకుని ఉంది. దింపాను. ఆమెను బతిమాలి ఆ నవల నా దగ్గర పెట్టుకున్నాను. మామగారు చెప్పింది నిజం. అవే గుండ్రాలు, అవే కొమ్ములు, అక్కడక్కడ తలకట్టు తేడా. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు కూడబలుక్కుంటూ చదివితే వారం పది రోజుల్లో మాట మాట పట్టుబడింది. "అమ్మ" అన్న మాట మొట్టమొదటిసారి తెలుగు అక్షరాల్లో చదివినప్పుడు కళ్ళు తిరిగాయి నాకు. యాభై ఏళ్ళు నోటితో పలికిన మాట, కంటికి కొత్త. ఎంత సుఖం పోగొట్టుకున్నానురా దేవుడా అని గల్లా ముందు కూర్చుని ఏడ్చాను. ఇంత సులువని తెలిసీ నేర్చుకోకపోవడానికి కారణమేమిటంటే, సులువని తెలియడమే. ఎప్పుడైనా నేర్చుకోవచ్చు అనుకున్నాం మేమందరం.

తరువాత ఆ నవల మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. చిన్న సందులోంచే చదివాను, అలవాటు పోదు కదా. పియానో ఉంది, ప్రేమ ఉంది, వీలునామా ఉంది, ఉయ్యాల మంచం ఉంది. ఆవు లేదు. అంత పెద్ద పుస్తకంలో పాల మాట ఎక్కడన్నా వచ్చిందంటే అది వకీలు గారి కాఫీలోనే. ఆమె తొందరలో వేరే పుస్తకం పట్టుకొచ్చింది పాపం, అసలుది ఇంట్లో ఉండి ఉంటుంది అనుకున్నాను. అలా అనుకుని ఆదివారం బస్సెక్కాను.

ఆమె కొడుకూ కోడలూ, వాళ్ళదీ కన్నడ బడి చదువే, టమాటా మండీకి పోయి ఉన్నారు. ఆమె ఒక్కతే ఉంది. నన్ను చూసి పండగ చేసుకుంది. వేయించిన చెనక్కాయలు, బెల్లం పెట్టింది. నేను చదవడం నేర్చుకున్నానని చెబితే నా బుగ్గలు పుణికి మెటికలు విరిచింది. ఆ సంబరంలో తన పెళ్ళి ముచ్చట చెప్పింది.

"మా నాయన నాకు చదివి వినిపిస్తాండె తల్లీ. నేను బడికి పోలా. మా నాయన పోయినంక ఇంట్ల చదివేవాళ్ళే లేకపోయిరి. ఈయప్ప నన్ను చూసేకి వచ్చినప్పుడు అడిగిరి అందరూ, ఏమన్నా అడగల్లా అమ్మీ అని. నేను ఒకటే అడిగినా. పుస్తకం చదివి వినిపిస్తాడా అని. చదువుతా అనె. ఒక పొద్దన్నా తప్పించలా. జొరమొచ్చినా చదివె."

అసలు పుస్తకం వెతకడానికి ఆమె చూపించిన ట్రంకు పెట్టె తెరిచాను. నేను అమ్మిన పుస్తకాలన్నీ ఉన్నాయి, అట్టలు నలగకుండా వరసగా పేర్చి. ఒకటి చేతిలోకి తీసుకుని పేజీ తిప్పబోతే తిరగలేదు. పుస్తకాల అంగడివాళ్ళకు ఇది తెలుసు. చవక అచ్చు పుస్తకాల అంచులు కత్తిరించేటప్పుడు కొన్ని పేజీలు తెగకుండా ఒకదానికొకటి అంటుకునే ఉండిపోతాయి. చదివేవాడు వాటిని బ్లేడుతోనో స్కేలుతోనో విడదీసుకోవాలి. ఈ పుస్తకంలో అలాంటివి ఎన్నో ఉన్నాయి. ఒక్కటీ విడదీయలేదు. ఇంకో పుస్తకం తీశాను. అందులోనూ అంతే. పరక మాత్రం ఆ మూసుకుపోయిన పేజీలు దాటి, చివరి దాకా నడిచి వెళ్ళి ఉంది. ఒకే నవల మూడు ప్రతులు కనబడ్డాయి. వాటి కింద ఒక లావుపాటి పుస్తకం. అట్ట మీద కోడి, పక్కన గంప పట్టుకున్న ఆడమనిషి. పేరు చదివాను. ఇప్పుడు చదవడం వచ్చు కదా. కోళ్ళ పెంపకం, వ్యాధుల నివారణ.

"అది బలే ఏడిపించింది తల్లీ" అంది ఆమె నా భుజం మీదుగా చూసి. "తల్లీ బిడ్డా ఇడిపోతారు కదా, సంతలో? ఆ పుస్తకం అయిపోయిన దినం నేను సంగటి తినలా."

కోళ్ళ పెంపకం. నేనే అమ్మాను. "చాలా బాగుంటుందప్పా" అని చెప్పి మరీ అమ్మాను. చదవడం రాని నేను అమ్మితే చదవడం రాని ఆయన కొన్నాడు. ఇద్దరం ఒకరికి భయపడి ఒకరం అట్టలు చూస్తూ నిలబడ్డాం. ఆయన ఆ కిటికీల్లోంచి, ఆ గంపల్లోంచి ఇంటికి పోయేలోగా ఒక కథ లాక్కునేవాడు. సాయంత్రం ఆమె చెనక్కాయలు ఒలుస్తుంటే, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, అచ్చులో ఎక్కడా లేని మనుషులను పుట్టించి, ఏడిపించి, పెళ్ళిళ్ళు చేసి, పరక పెట్టి మూసేవాడు. ఇంత పెద్ద కథకుడు మా అంగడి గుమ్మంలో చెప్పులు విడిచి నిలబడితే నేను టమాటా ధర అడిగాను. నన్ను చెప్పుతో కొట్టినా పాపం లేదు. ఆయన ఒక్కడికే తెలిసిన ఆ ఆవు సంగతి ఆయనతోనే డెయిరీ మెట్ల మీద ఆగిపోయింది. ఏ భాష నేర్చుకున్నా అది నాకిక దొరకదు.

"దొరికెనా తల్లీ, ఆవు?" అని అడిగింది ఆమె. నేల మీద సర్దుకుని కూర్చుంది, వినడానికి.

చెప్పేయవచ్చు. నాకు నోరు ఎక్కువ, దాచడం చేతకాదు. ఆ మొహం చూశాక చెప్పబుద్ధి కాలేదు. కోళ్ళ పుస్తకమే ఒళ్ళో పెట్టుకుని, "దొరికిందమ్మా" అన్నాను. "అప్పుడు ఆ ఆవు... ఆ ఆవు ఏం చేసిందంటే... రైతు ముఖంలోకి చూసి... కన్నీరు కార్చింది..."

రెండు వాక్యాలు వినేసరికి ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నీకు చదవను రాదమ్మా" అంది. కోపంగా కాదు, జాలిగా. "ఆయప్ప చదివితే ఆవు ఊపిరి కూడా ఇనపడతాండె."

కన్నడంలో వందల నవలలు మింగినదాన్ని, అక్షరాలా తెలుగు నేర్చుకుని వచ్చినదాన్ని, నాకు ఒళ్ళు మండాలి నిజానికి. మండలేదు. "అవునమ్మా, నాకు సరిగా రాదు" అన్నాను.

నేను చిన్నబుచ్చుకున్నానని ఆమె బాధపడింది. నా తల నిమిరింది. "ఏమీ అనుకోవద్దు. ఆయప్పకు మాత్రం మొదుట్లో వచ్చునా? పెండ్లయిన కొత్తలో తడుముకుంటా, ఆగుకుంటా, చెప్పిందే చెప్పుకుంటా చదువుతాండె. చదవంగా చదవంగా వచ్చె. నీకూ వస్తాది. ఆదివారం ఆదివారం రా. నేను వింటా" అంది.

ఆ వారమంతా నేను మనిషిని కాదు. గల్లాలో చిల్లర తప్పు ఇచ్చాను, మూడో క్లాసు అడిగితే ఏడో క్లాసు ఇచ్చాను. చదివిన నవలలన్నీ తిరగేసుకుని ఆ వాకిట్లో నిలబడిన ముగ్గురికీ దారి వెతికాను. చివరికి కుదిరింది. ఆ అమ్మాయి కుడితి బక్కెట తెచ్చి కొన్నవాడి చేతికే ఇస్తుంది. ఆవు కాసేపు తటపటాయించి అతని చేతిలో తాగుతుంది. అమ్మినవాడు తానే తాడు పట్టుకుని, వచ్చిన దారినే వాళ్ళతో కలిసి నడుస్తాడు. కొత్త కొట్టంలో ఆవు మేత ముట్టేదాకా అక్కడే పడుకుంటాడు. బాగుందనిపించింది. నాకు నేనే చెప్పుకుని రెండుసార్లు కళ్ళు తుడుచుకున్నాను.

ఆదివారం పోయాను. ఆకుపచ్చ అట్ట పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నాను, పరక తీసి పక్కన పెట్టాను, ఎక్కడా తొందరపడకుండా చెప్పాను. ఈసారి ఆమె చెయ్యి అడ్డం పెట్టలేదు. ఒలుస్తున్న చెనక్కాయలు ఆపి, కళ్ళు మూసుకుని, ఆఖరి మాట దాకా విన్నది. నేను పుస్తకం మూశాను. ఆమె లేచి లోపలికి పోయి, సంచిలో చెనక్కాయలు పోసుకొచ్చి నా చేతిలో పెట్టింది.

"బాగా చదివినావు తల్లీ" అంది. నన్ను వాకిలి దాకా సాగనంపి, అక్కడ నిలబడి, నొచ్చుకుంటానేమోనని మెల్లగా చెప్పింది.

"అయితే ఇది వేరే ఆవమ్మా."